మూడు వందల విండోస్

విండోస్ 11 ప్రో, ఒరిజినల్ కీ, లైఫ్‌టైమ్ గ్యారంటీ, డబ్బు పడిన అయిదు నిమిషాల్లో వాట్సాప్‌కి. ధర మూడు నాలుగు వందలు. ఆన్‌లైన్‌లో పాత ల్యాప్‌టాప్ కోసం ఒకసారి వెతికితే చాలు, ఈ రకం ప్రకటనలు వదలకుండా వెంటపడతాయి. ఇదే సరుకుకు మైక్రోసాఫ్ట్ అమెరికాలో పెట్టిన ధర హోమ్‌కు 139 డాలర్లు, ప్రోకు 199 డాలర్లు. మన దేశంలో హోమ్ కొనాలన్నా పదివేల రూపాయలకు అటూఇటూగా వదులుతుంది. కర్నూలులోనో కడపలోనో సెకండ్స్ ల్యాప్‌టాప్ పన్నెండు, పదిహేను వేలకు వస్తుంటే, దాంట్లోకి ఎక్కించే ఓఎస్‌కు ఇంకో పదివేలు పెట్టే మనిషెవరు? పెట్టరు కాబట్టే మూడు వందల బేరం నడుస్తోంది. అది దొంగసరుకా, అసలు సరుకా, రెండూ కాని మూడోదా అన్నది కొనేవాళ్లకు తెలియదు. అమ్మేవాళ్లలోనూ చాలామందికి తెలియదని నా అనుమానం.

ఈమధ్య గిరాకీ పెరగడానికి ఒక తారీఖు కారణం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా సవరణలు ఆగిపోయాయి. అంతకుముందు 2020 జనవరి 14న విండోస్ 7కీ, 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకీ ఇదే జరిగింది. ఎక్స్‌పీ కథ ముగియడానికి రెండు నెలల ముందే మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టిన సత్య నాదెళ్ల కుటుంబానిది మన పక్క అనంతపురం జిల్లా, యల్లనూరు మండలం బుక్కాపురం. సీమవాళ్లమని రాయితీ ఏమీ దక్కలేదు. ఈసారి చిక్కు ఇంకాస్త పెద్దది. విండోస్ 11కు పోదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం నుంచి పైదై ఉండాలి.

మన ఊళ్లకు వచ్చే సెకండ్స్ సరుకు సంగతి చూడండి. హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీలు లీజు తీరాక వదిలేసిన డెల్ లాటిట్యూడ్‌లు, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లు, లెనోవో థింక్‌ప్యాడ్‌లే అందులో ఎక్కువ. కర్నూలు వాళ్లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దారి, కడప వాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డో చెన్నై రిచీ స్ట్రీటో. చవగ్గా దొరికే వాటిలో ఆరో తరం, ఏడో తరం ఐ5లే జాస్తి. గట్టి యంత్రాలు. ఎస్ఎస్‌డీ వేస్తే ఇంకో అయిదేళ్లు పరిగెత్తుతాయి. కానీ విండోస్ 11 లెక్కలో వాటికి అర్హత లేదు. కాబట్టి మూడు వందలిచ్చి విండోస్ 11 కీ కొన్నాయన, ఆ కీ నికార్సయినదే అనుకున్నా, తన సిస్టానికి చెల్లని సరుకు కొన్నట్టే. అర్హత పరీక్షను దాటవేసే కిటుకులు మన టెక్నీషియన్లకు తెలుసు, అవి పనిచేస్తాయి కూడా. రేపటి అప్‌డేట్ ఆ యంత్రాన్ని ఒప్పుకుంటుందన్న పూచీ మాత్రం ఎవరూ ఇవ్వరు. కోర్ టూ డ్యుయో కాలం నాటి యంత్రాలకు 24హెచ్2 అనే విండోస్ 11 రూపం దగ్గర ఆ కిటుకులూ అయిపోయాయి. ఆ ప్రాసెసర్లలో లేని ఒక ఆదేశం దానికి కావాలి, అది లేకుంటే బూటే కాదు.

ఇంతకీ మూడు వందలకు అమ్ముతున్నది ఏమిటి? అయిదేసి అక్షరాల చొప్పున అయిదు గుంపులు, మొత్తం 25 అక్షరాల కీ. సర్వే నంబరు తెలిసినంత మాత్రాన పొలం మనది కానట్టే, కీ చేతికొచ్చినంత మాత్రాన లైసెన్సు రాదు. లైసెన్సు అంటే ఎవరు, ఏ యంత్రంలో, ఏ షరతులతో వాడుకోవచ్చన్న ఒప్పందం. ఆ ఒప్పందాల్లో రకాలున్నాయి, చవక బేరమంతా ఈ రకాలను కలగాపులగం చేయడం మీదే ఆధారపడింది.

కొత్త ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చేది ఓఈఎం లైసెన్సు. అది ఆ యంత్రానికే, కచ్చితంగా చెప్పాలంటే ఆ మదర్‌బోర్డుకే అంటుకుని ఉంటుంది. యంత్రం అమ్మితే దానితోపాటు పోతుంది, విడిగా ఊడబెరికి అమ్మడానికి మైక్రోసాఫ్ట్ షరతులు ఒప్పుకోవు. డబ్బాలోనో ఆన్‌లైన్‌లోనో పూర్తి ధర పెట్టి కొన్నది రిటైల్ లైసెన్సు. ఒక యంత్రంలోంచి తీసేసి ఇంకోదాంట్లో వేసుకోవచ్చు, ఒక్కసారికి ఒక్క యంత్రమే. సెకండ్ హ్యాండ్‌లో మర్యాదగా చేతులు మారగలిగింది ఇదొక్కటే, బజార్లో అరుదుగా దొరికేదీ ఇదే. మూడోది కంపెనీలు, కాలేజీలు వందల యంత్రాలకు కట్టగా తీసుకునే వాల్యూమ్ లైసెన్సు. ఇవి కాక విద్యార్థులకూ డెవలపర్లకూ నేర్చుకోవడానికని ఇచ్చే కీలు ఉన్నాయి. అవి అమ్ముకోవడానికి ఇచ్చినవి కావు.

చవక కీలు ఈ చివరి రెండు బావుల్లోంచే ఎక్కువగా తోడినవి. వాల్యూమ్ కీలలో ఎంఏకే అన్నదానికి ఇన్నిసార్లు యాక్టివేట్ చేయొచ్చన్న లెక్క ఉంటుంది. ఏదో ఒక కంపెనీ పేరు మీద ఉన్న అలాంటి కీ బయటికి పొక్కితే, లెక్క అయిపోయేదాకా ఒకే కీని ఎంతమందికైనా అమ్మొచ్చు. లెక్క అయిపోయాక అమ్మేవాడు ఇంకో దారి పడతాడు: తెర మీద వచ్చే చాంతాడంత అంకెల వరుసను వాట్సాప్‌లో పంపమంటాడు, బదులుగా ఇంకో వరుస పంపిస్తాడు, అది కొడితే యాక్టివేట్ అవుతుంది. ఫోన్‌లో యాక్టివేట్ చేసుకునేందుకు పెట్టిన ఏర్పాటును ఇలా వాడుకుంటారు. రిటైల్ కీ కొన్నవాడికి ఇంత తతంగం మామూలుగా అవసరం పడదు కాబట్టి, అంకెలు ఫోటో తీసి పంపమన్నారంటే ఆ కీ ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

కేఎంఎస్ పద్ధతి మరీ తమాషా. అందులో యంత్రాలు మైక్రోసాఫ్ట్‌ను కాకుండా తమ సంస్థలోని సర్వర్‌ను అడిగి యాక్టివేట్ అవుతాయి. ఆ అనుమతి 180 రోజులే. గడువు దాటేలోగా మళ్లీ సర్వర్ కనిపించాలి. కాలేజీ ల్యాబుల్లోంచి, ఆఫీసుల్లోంచి బయటికొచ్చిన సిస్టాలు కొన్న రోజున ‘యాక్టివేటెడ్’ అని చూపించి, ఆరు నెలలకు తెర మూలన బూడిదరంగు అక్షరాలు తేలడానికి ఇదొక కారణం. కొన్నాయన దుకాణానికి పోయి గొడవ పెట్టుకుంటాడు. దుకాణదారు “ఏం కాదన్నా, మళ్లా కొడతా” అంటాడు. మళ్లా కొట్టేది ఏమిటన్నది ఇద్దరూ మాట్లాడుకోరు.

కొన్నవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న, పని చేస్తోంది కదా అని. చేస్తోంది. మూడు వందల కీలు ఏళ్ల తరబడి పనిచేసిన సందర్భాలు బోలెడు, దాన్ని కాదనడం అబద్ధమవుతుంది. అయితే యాక్టివేషన్ సర్వర్ చూసేది కీ చెల్లుబాటులో ఉందా, దాని లెక్క మించిందా అన్నంతవరకే. మీకు అమ్మినవాడికి అమ్మే హక్కు ఉందా అన్నది దానికి తెలియదు. రేపు ఆ కీని మైక్రోసాఫ్ట్ నిలిపేస్తే, అసలు యజమాని మీరు కాదు కాబట్టి ఫిర్యాదు చేసుకునే చోటూ ఉండదు. అమ్మిన అంగడి అప్పటికి పేరు మార్చుకుని ఉంటుంది.

ఇక చట్టం. ఆ కథ మన రాష్ట్రం నుంచే మొదలవుతుంది. ఒరాకిల్, లోటస్ లాంటి రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ అమ్మకాల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1957 నాటి సాధారణ అమ్మకపు పన్ను చట్టం కింద టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు పన్ను వేసింది. సాఫ్ట్‌వేర్ కంటికి కనిపించని మేధోసంపద, అది సరుకెలా అవుతుందని కంపెనీ వాదన. 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వం వైపు మొగ్గింది: సీడీలోకెక్కి అంగట్లోకి వచ్చిన సాఫ్ట్‌వేర్ సరుకే, పన్ను కట్టాల్సిందే. సరుకే అయితే కొన్నవాడు దాన్ని ఎద్దునో బండినో అమ్మినట్టు మళ్లీ అమ్ముకోవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. కానీ అది పన్ను తగాదా, మారు అమ్మకం తగాదా కాదు.

మారు అమ్మకం సంగతి నేరుగా తేల్చింది లక్సెంబర్గ్‌లోని యూరప్ న్యాయస్థానం. పాత లైసెన్సులు కొని అమ్మే జర్మన్ సంస్థ యూజ్డ్‌సాఫ్ట్‌తో ఒరాకిల్‌కు వచ్చిన తగాదాలో 2012 జూలై 3న తీర్పు వెలువడింది. కాలపరిమితి లేని లైసెన్సును ఒకసారి డబ్బు తీసుకుని ఇచ్చేస్తే అది అమ్మకమే, ఆ కాపీ మీద కంపెనీకి పంపిణీ హక్కు అక్కడితో తీరిపోయింది, డౌన్‌లోడ్ అయినా సరే. అయితే రెండు షరతులు. అమ్మేవాడు తన దగ్గరున్న కాపీని పనికిరాకుండా చేయాలి. కట్టగా కొన్న లైసెన్సులో తనకు కావలసినవి అట్టిపెట్టుకుని మిగిలినవి విడగొట్టి అమ్మకూడదు. చవక కీల అంగళ్లు కొన్ని ‘యూరప్ కోర్టు ఒప్పుకున్న వ్యాపారం’ అని పెట్టుకునే బోర్డు వెనకున్నది ఈ తీర్పే. షరతులు రెండూ బోర్డు మీదికి ఎక్కవు. అమెరికాలో గాలి ఎదురు తిరిగింది. 2010లో వెర్నర్, ఆటోడెస్క్ కేసులో అక్కడి అప్పీలు కోర్టు, కంపెనీ షరతులు పెట్టి ఇస్తే అది అమ్మకం కాదు, కొన్నవాడు యజమాని కాదు, మళ్లీ అమ్ముకోలేడు అంది.

మన కాపీరైట్ చట్టం ఈ రెండింటి మధ్య ఎక్కడుందో చెప్పడానికి రెండు సవరణలు చూడాలి. 1994లో పద్నాలుగో సెక్షన్‌లో, కంప్యూటర్ ప్రోగ్రాం కాపీ అంతకుముందు అమ్ముడైనా కాకపోయినా దాన్ని అమ్మే హక్కు కాపీరైట్ యజమానిదేనని రాశారు. పుస్తకానికి లేని బిగింపు అది. 1999లో ‘అంతకుముందు అమ్ముడైనా’ అన్న అర్థమిచ్చే ఆ మాటలు తీసేశారు. 2021 మార్చి 2న ఇంజినీరింగ్ అనాలిసిస్ సెంటర్ కేసులో సుప్రీంకోర్టు ఈ మార్పును తొలి అమ్మకంతో హక్కు తీరిపోతుందన్న సూత్రంతో కలిపి చర్చించింది. అదీ పన్ను కేసే కావడం మన ఖర్మ. నా చదువులో, నికార్సయిన రిటైల్ లైసెన్సును ఒకరు వదులుకుని ఇంకొకరికి అమ్మితే దాన్ని సమర్థించుకునే దారి మన చట్టంలో ఉంది. మూడు వందల కీకి మాత్రం ఆ దారీ అక్కరకు రాదు, ఎందుకంటే తొలి బిల్లు ఎవరిదో, తొలి యజమాని తన కాపీ తీసేశాడో లేదో చూపించే కాగితం ఒక్కటీ ఉండదు. అక్రమ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల జైలు, యాభైవేల నుంచి రెండు లక్షల జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం కాదని తేలితే జైలు లేకుండా యాభైవేల లోపు జరిమానాతో కోర్టు వదిలేయొచ్చు. ఇంట్లో వాడకానికీ దుకాణంలో వాడకానికీ చట్టం పెట్టిన తేడా అది.

అయినా కడపలో ఏ ఇంటికో పోలీసులొచ్చి విండోస్ బిల్లు చూపించమంటారని భయపెట్టడం నాకిష్టం లేదు. భయపడాల్సింది వేరే ఉంది. 2017 మే నెలలో ఫైళ్లకు తాళమేసి డబ్బు అడిగే వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా చుట్టబెట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లే దాని వాత పడ్డాయి, మన పొరుగు చిత్తూరు జిల్లా స్టేషన్లతో సహా. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మాసిక ఇచ్చింది. వేసుకోని యంత్రాలే దొరికిపోయాయి. అందువల్ల పాత సిస్టం విషయంలో కీ అసలుదా కాదా అన్నదానికంటే అప్‌డేట్లు వస్తున్నాయా అన్నదే పెద్ద ప్రశ్న. కీకి మూడు వందలు కూడా ఎందుకని క్రాక్ ఎక్కించుకునేవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. యాంటీవైరస్‌ను ఆపేస్తే గాని అది ఎక్కదు. 2021 డిసెంబరులో రెడ్ కానరీ అనే భద్రతా సంస్థ, కేఎంఎస్‌పీకో అనే పేరుమోసిన క్రాక్ పేరిట తిరుగుతున్న ఫైళ్లలో పాస్‌వర్డులు ఎత్తుకుపోయే క్రిప్ట్‌బాట్ ఉందని బయటపెట్టింది. ఆధార్ నంబర్లూ బ్యాంకు ఖాతాల వివరాలూ నడిచే నెట్ సెంటర్ సిస్టంలో ఇలాంటిది కూర్చుంటే నష్టపోయేది దుకాణదారు ఒక్కడే కాదు.

ఇప్పుడు ఈ సమీక్షలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన సంగతి. మూడు వందల కీ కొంటున్నవాళ్లలో చాలామందికి కీ అవసరమే లేదు. విండోస్ 8 కాలం నుంచి కంపెనీ ల్యాప్‌టాప్‌లలో ఓఈఎం కీ మదర్‌బోర్డులోనే రాసి ఉంటుంది. లీజు నుంచి వచ్చిన ఆ థింక్‌ప్యాడ్‌లు, ఎలైట్‌బుక్‌లు పుట్టినప్పుడే విండోస్ ప్రో లైసెన్సుతో పుట్టినవి. మధ్యలో ఎవరో ‘ఫార్మాట్ కొట్టి’ పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఎంటర్‌ప్రైజ్ కాపీనో, ఇంకేదో అల్టిమేట్ కాపీనో ఎక్కిస్తారు. దానికి లోపలున్న ప్రో కీ సరిపోదు. దాంతో యాక్టివేట్ కాలేదని తెర మొరాయిస్తుంది, దానికి ఇంకో మూడు వందలు. మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉచితంగా దొరికే మామూలు విండోస్ 10ని తెచ్చి, విండోస్ 10తో పుట్టిన యంత్రంలో పుట్టుకతో వచ్చిన ఎడిషనే ఎక్కిస్తే, నెట్ తగలగానే కీ అడగకుండా యాక్టివేట్ అవుతుంది. విండోస్ 7 స్టిక్కరున్న, విండోస్ 8తో వచ్చిన పాత యంత్రాలకూ ఒక అవకాశం ఉండేది. 2015 జూలై 29 నుంచి ఏడాదిపాటు ఉచిత అప్‌గ్రేడ్ అన్నారు, ఆ తర్వాత కూడా చూసీచూడనట్టు వదిలి 2023 సెప్టెంబరులో ఆ తలుపు మూశారు. ఈలోగా ఒక్కసారి విండోస్ 10కి ఎక్కిన యంత్రాన్ని మైక్రోసాఫ్ట్ సర్వర్లు గుర్తుపెట్టుకున్నాయి, మదర్‌బోర్డు మారనంతవరకు ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా చెల్లుతుంది.

మరి నిజంగా లైసెన్సు లేనివి? విడిభాగాలు తెచ్చి దుకాణంలో బిగించిన అసెంబుల్డ్ సిస్టాలు. వాటికి పుట్టుకతో లైసెన్సు లేదు, మన ఊళ్లలో వాటి సంఖ్య తక్కువేం కాదు. వీటి యజమానుల ముందు దారులేమిటన్నది ఆ సిస్టం చేసే పనిని బట్టి ఉంటుంది.

పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ సెంటర్లది ఒక లోకం. అక్కడ ఇప్పటికీ పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ దాన్ని ముందుకు తీసుకుపోలేదు. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు యూనికోడ్ కాదు. ఇరవై ఏళ్ల ఫైళ్లు, వేళ్లకు అలవాటైన కీబోర్డు, రెండూ ఆ పాత సిస్టానికే కట్టిపడేస్తాయి. వీళ్లకు విండోస్ 11 కీ ఊరికే ఇచ్చినా వద్దంటారు, వాళ్లు చెప్పేదాంట్లో న్యాయముంది. ఆ యంత్రాన్ని అలాగే ఉంచి నెట్ కేబుల్ పీకేయడం, ఫైళ్లు ఇంకో సిస్టంలో స్కాన్ చేసిన పెన్‌డ్రైవ్‌తో మార్చుకోవడం, మెయిళ్లూ చెల్లింపులూ ఫోన్‌లోనో వేరే సిస్టంలోనో చూసుకోవడం మంచిది. మీసేవ, నెట్ సెంటర్లది దీనికి సరిగ్గా ఎదురు. వేలిముద్ర యంత్రాలకూ డిజిటల్ సంతకం టోకెన్లకూ డ్రైవర్లు ఎక్కువగా విండోస్‌ను దృష్టిలో పెట్టుకునే వస్తాయి, నెట్ లేకుండా గడవదు. రోజూ డబ్బు సంపాదించే సిస్టం అది. దానికి అర్హతున్న యంత్రం, బిల్లుతో కొన్న లైసెన్సు తప్పదని నా అభిప్రాయం. లెక్కల కోసం ట్యాలీ నడిపే కొట్లకూ ఇదే మాట.

ఇళ్లల్లో పిల్లల చదువుకు, బ్రౌజింగ్‌కు వాడే సిస్టాల విషయంలో మాత్రం లైనక్స్‌ను మనవాళ్లు అన్యాయంగా పక్కన పెట్టారు. హైదరాబాద్‌లో 2005 నుంచి పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో ఓఎస్‌నే తయారుచేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ల బాస్ లైనక్స్ ఉంది, నాలుగు జీబీ ర్యామ్‌లో కూడా హాయిగా నడిచే లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉంది. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లుగా ఇలాంటి వాటిమీదే నడుస్తున్నాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో కర్నూలు ట్రిపుల్‌ఐటీడీఎంలోనో ప్రోగ్రామింగ్ చదివే పిల్లలకు లైనక్స్ ఎలాగూ నేర్చుకోక తప్పదు. పాత ప్రింటరు ఒకోసారి మొండికేస్తుంది, అది నిజం. దుకాణాల్లో ఎవరూ దీని మాట ఎత్తకపోవడానికి పెద్ద రహస్యం లేదు: ఏటా ఫార్మాట్ కొట్టించుకోవడానికి రాని గిరాకీ వాళ్లకెందుకు?

విండోస్ 10 మీదే ఉండాలనుకునేవాళ్లకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా సవరణలు ఇస్తోంది. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులు క్లౌడ్‌లో దాచుకుంటే డబ్బు లేకుండానే వస్తుంది. కీ కోసం వెతికే ముందు చేయాల్సింది ఇదని దుకాణంలో చెప్పేవాళ్లు తక్కువ. చవక అంగళ్లలో ‘2032 వరకు అప్‌డేట్లు’ అని ఊరించే విండోస్ 10 ఐవోటీ ఎల్‌టీఎస్‌సీ కూడా కనిపిస్తుంది. గడువు మాట నిజమే. కానీ అది పరికరాల తయారీదారులకు ఉద్దేశించిన ఎడిషన్, మూడు వందలకు వాట్సాప్‌లో వచ్చే దాని కీ పైన చెప్పిన బావుల్లోదే.

కొత్తగా సెకండ్స్ సిస్టం కొనబోయేవాళ్లు చూడాల్సినవి కొన్ని. పాత యంత్రాలు బాగుచేసి అమ్మేవాళ్లకు మైక్రోసాఫ్ట్ వేరే లైసెన్సు పథకం నడుపుతోంది, అలాంటి యంత్రం మీద రిఫర్బిష్డ్ అని ఉన్న స్టిక్కరు ఉంటుంది. కాలేజీలూ ఆఫీసులూ వేలం వేసే సిస్టాలకు పుట్టుకతో వచ్చిన ఓఈఎం లైసెన్సు యంత్రంతోనే వస్తుంది, కాలేజీ వాల్యూమ్ లైసెన్సు రాదు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిపించి చూడాలి. ఎడిషన్ దగ్గర ఎంటర్‌ప్రైజ్ అనో, సంస్థ సర్వర్ ద్వారా యాక్టివేట్ అయిందనో ఉంటే, అదే ల్యాప్‌టాప్‌ను ప్రోతో మళ్లీ ఫార్మాట్ చేసి, దుకాణంలోనే నెట్ తగిలించి యాక్టివేట్ అయ్యేదాకా చూపించమని అడగాలి. బేరం కుదిరాక అడిగితే విసుక్కుంటారు, డబ్బు చేతిలో ఉండగా అడిగితే చేస్తారు. గంట పని.